కచేరీకి వెళ్లేముందు: సభలో తెలుగు మాట, మన వినికిడి

డిసెంబరు దగ్గర పడుతోందనగానే చెన్నైలో చదువుకొనే మన విద్యార్థులు ఒక ప్రశ్నతో మా దగ్గరికి వస్తారు. "ఈ ఏడు మార్గళి ఉత్సవాల్లో ఒక్క కచేరీ అయినా వినాలని ఉందండీ. ఏ సభకు వెళ్లమంటారు? ఎవరి పాట వినమంటారు?" అని అడుగుతారు. బెంగుళూరు, ముంబయి, బరంపురం వైపు విద్యార్థులదీ ఇదే ప్రశ్న. సభ పేరు, గాయకుల పేరు చెప్పి పంపించడం సులభం. చాలా ఏళ్లు మేమూ ఆ పనే చేశాం. కాని ఆ ప్రశ్నలో ఉండవలసిన మూడో ముక్క ఒకటి ఉంది. "వెళ్లేముందు ఏం చదువుకోమంటారు?" అన్నది అది. వారు అడగలేదు, మేము చెప్పలేదు. ఆ లోపాన్ని కొంతైనా సవరించుకుందామని ఈ వ్యాసం.

ఇది సంగీతశాస్త్ర వ్యాసం కాదు. రాగలక్షణాలు, తాళగతులు చర్చించే అర్హత మాకు లేదు. సభలో పాడే పాటకు ఒక సాహిత్యం ఉంది, ఆ సాహిత్యంలో ఎక్కువ భాగం తెలుగులో ఉంది, దాన్ని పాడేవారు ఎలా పలుకుతున్నారు, వినేవారు ఎలా వింటున్నారు అన్నంతవరకే మా విమర్శ. ఆ వినేవారిలో మనల్ని మనమూ కలుపుకోవాలి.

ఒక మధ్యాహ్నపు కచేరీ

కొన్నేళ్ల కిందట అయిదుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని చెన్నైలో ఒక సభకు మధ్యాహ్నపు కచేరీ వినడానికి వెళ్లాం. పాడిన అమ్మాయి చిన్న వయసు. గాత్రం శుద్ధమైనది. చారుకేశి రాగం ఆలపించి త్యాగరాజస్వామి కృతి 'ఆడమోడి గలదే' అందుకుంది. మా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఒళ్లో బాగా నలిగిన పాటల పుస్తకం. తమిళ లిపిలో అచ్చయిన తెలుగు కృతులవి. మేము తెలుగులో మాట్లాడుకోవడం విన్నారు కాబోలు, పాట ముగిశాక తమిళం కలిసిన తెలుగులో మర్యాదగా అడిగారు: "మీరు తెలుగువాళ్లే కదండీ? నలభై ఏళ్లుగా ఈ పాట వింటున్నాను. మోడి అంటే ఏమిటి?"

విద్యార్థులు మా వంక చూశారు. మేము పెద్దాయన చేతిలోని పుస్తకం వంక చూశాం. ఒక విద్యార్థిని "ఆడమోడి అంటే ఆడవాళ్ల తీరు కాబోలు" అన్నది. ఔననలేదు, కాదనలేదు. ఇంతలో తర్వాతి పాట మొదలైంది. అదృష్టం కొద్దీ మా పరువు దక్కిందనుకున్నాం.

ఇంటికి వచ్చి నిఘంటువు, అర్థతాత్పర్యాల పుస్తకం తీశాకగాని తెలియలేదు. అక్కడి 'ఆడ' స్త్రీ కాదు. 'మాటలాడ' అన్నప్పటి 'ఆడ'. మోడి అంటే బెట్టు, పలకరించినా పలకకుండా బిగుసుకోవడం. నాతో మాట్లాడటానికి ఇంత బెట్టు చేయడం తగునా అని రాముణ్ణి నిలదీసే కృతి అది. నలభై ఏళ్లు ఆ పాటను ప్రేమించి విన్న మనిషి ఒక్క మాటకు అర్థం అడిగితే, ఆ భాష ఇంట్లో మాట్లాడుకొనే ఆరుగురం చెప్పలేకపోయాం. ఆయన మళ్లీ మాకు కనిపించలేదు. ఆ జవాబు మా దగ్గర మిగిలిపోయింది.

సభ సంగతి

విద్యార్థులు మొదట చూడాలనుకొనేది సాధారణంగా మ్యూజిక్ అకాడమీనే. దాని చరిత్ర కొంచెం తెలిసి వెళ్లడం మంచిది. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు అఖిల భారత సంగీత సమ్మేళనం ఒకటి జరిగింది. ఆ సమ్మేళనం ఫలితంగా 1928లో అకాడమీ ఏర్పడింది. ఇప్పటి భవనానికి 1955లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1962లో మైసూరు మహారాజు జయచామరాజ వడయారు ప్రారంభించారు. ఆయన స్వయంగా వాగ్గేయకారులు కూడా. కెథడ్రల్ రోడ్డు, టి.టి.కె. రోడ్డు కలిసేచోట ఉన్న ఆ మందిరంలో సుమారు 1600 మంది కూర్చోవచ్చు. ఏటా డిసెంబరు నడుమ మొదలై జనవరి ఒకటి దాకా అక్కడ సంగీతోత్సవం సాగుతుంది. ఉదయం పూట విద్వాంసుల సోదాహరణ ప్రసంగాలు ఉంటాయి. సాహిత్య విద్యార్థులకు కచేరీల కంటే కూడా ఇవి ఎక్కువ పనికివస్తాయని మా అభిప్రాయం.

ఆ వేదిక మీద తెలుగువారి స్థానం చిన్నది కాదు. బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు 1941లో, మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1978లో అకాడమీ సంగీత కళానిధి గౌరవం పొందారు. అయితే పేర్లు లెక్కపెట్టుకొని సంతోషించడం కాదు మనకు కావలసినది.

కచేరీకి వెళ్లేవారికి ఒక ఇబ్బంది ఉంది. నాటకానికైతే పేరు ముందే ప్రకటిస్తారు, కథ తెలుసుకొని వెళ్లవచ్చు. కచేరీలో ఏ పాటలు పాడతారో సాధారణంగా ముందు చెప్పరు. అరియకుడి రామానుజ అయ్యంగారు (1890–1967) స్థిరపరచిన పద్ధతిలో వర్ణంతో మొదలై, కొన్ని కృతులు నడిచి, ఒక పెద్ద కృతిని విస్తరించి, మృదంగం వారికి తని ఆవర్తనం ఇచ్చి, చివర చిన్న పాటలతో ముగుస్తుందని మాత్రం తెలుసు. ఏ కృతి ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే ఆ పెద్దాయన లాంటి రసికులు పాటల పుస్తకం వెంట తెచ్చుకుంటారు. ఇప్పుడు కొందరు అదే పని చేతిఫోనులో చేస్తున్నారు. రాగం పేరు, కర్త పేరు దొరకగానే పుస్తకం మూసేస్తారు. వెతుకులాట అక్కడితో ఆగిపోవడమే మా మొదటి ఫిర్యాదు. రాగం గుర్తుపట్టడం విన్నట్టు, మాట గుర్తుపట్టడం విననట్టు చెలామణి అవుతోంది.

పేర్లలోనే తెగిన మాటలు

పాటల పట్టికలను ఒకసారి పరిశీలించండి. కృతుల పేర్లు మొదటి రెండు మూడు మాటలతో ఏర్పడతాయి. ఆ కోత అర్థం చూసి పడినది కాదు, తాళంలో ఆగిన చోట పడినది. ఖరహరప్రియలోని 'చక్కని రాజమార్గము' అనే పేరు చూస్తే ఒకే ఒక రాజమార్గం ఉన్నట్టు తోస్తుంది. సాహిత్యంలో ఉన్నది బహువచనం. ఆ 'లు' తర్వాతి మాటకు అతుక్కొని పేరు నుంచి జారిపోయింది. పాడేటప్పుడు కూడా చాలామంది ఆ 'లు'ను వెనకటి మాటకు దూరం చేసి ముందరి మాటతో ఎత్తుకుంటారు. మంచి దారులు ఉండగా సందుగొందులు పట్టడమెందుకని మనసును మందలించే తేట తెలుగు వాక్యం అది. ఏ ఊరి అరుగు మీదనైనా పెద్దవాళ్లు అనే మాట. దాన్ని అతుకుల దగ్గర విప్పేస్తే వాక్యం కాస్తా అక్షరాల వరుసగా మారుతుంది.

కల్యాణిలోని 'నిధి చాల సుఖమా' మరో రకం కోత. ఆ పేరు ఒక ప్రశ్నలో సగం. ఆ సగం విన్నవాడు ఇది ధనం గురించిన పాట అనుకుంటే తప్పు పట్టలేం. రెండో సగంలో ధననిధికి ఎదురుగా రాముని సన్నిధి నిలుస్తుంది. 'నిధి'లోంచే 'సన్నిధి' పుట్టినట్టు వినిపించడం ఆ పల్లవి బలమంతా. చరణం చివర కూడా ఇలాంటి జంట ప్రశ్నే ఉంది. మనుషులను పొగడటం సుఖమా, దేవుణ్ణి కీర్తించడం సుఖమా అని. నెరవుకు సాధారణంగా ఎత్తుకొనేది ఈ చోటే. గాయకులు మొదటి సగం మీదనే ఎంతసేపు నిలిచినా, చివరికి రెండో సగాన్ని తెచ్చి దాని పక్కన నిలబెడితే ప్రశ్న ప్రశ్నగా ఉంటుంది. అలా తేకుండా నేరుగా స్వరకల్పనకు దిగితే నరస్తుతి ఒక్కటే చెవిలో మిగులుతుంది. కర్త దేన్ని వద్దన్నాడో దాన్నే పదిమార్లు పలికి ఊరుకున్నట్టవుతుంది. మేము విన్న మంచి కచేరీల్లో రెండో సగం వచ్చేసరికి గొంతు తగ్గించి పలికిన గాయకులు ఉన్నారు. వారి మాతృభాష తెలుగు కాకపోవచ్చు. అర్థం అడిగి తెలుసుకొని పాడారని మాత్రం తెలిసిపోయింది.

ఇక 'ఆడమోడి'కి వద్దాం. ఆ పల్లవి నిర్మాణం చిత్రమైనది. చివర 'మాట' అనే పదం ఉంటుంది. పల్లవి మళ్లీ మొదటికి తిరిగినప్పుడు ఆ 'మాట' తొలి పదమైన 'ఆడ'తో కలిసి 'మాటలాడ' అవుతుంది. అంటే ఒక ఆవర్తం ముగిసి రెండోది మొదలయ్యే చోట వ్యాకరణం పూర్తవుతుంది. పాటగా పాడితే తప్ప ఆ వాక్యం వాక్యం కాదు. దీన్ని కాగితం మీద చదివేవారు తికమకపడతారు, సభలో వినేవారికి సులువుగా అందాలి. గాయకులు ఆ మలుపులో ఊపిరి తీసుకొని ఆగితే మాత్రం వినేవారికీ అందదు.

చరణంలో త్యాగరాజు తన ఫిర్యాదుకు రామాయణం నుంచే సాక్ష్యం తెస్తాడు. కిష్కింధాకాండలో హనుమంతుడు మొదటిసారి వచ్చి పలకరించినప్పుడు రాముడు అతని మాటతీరును లక్ష్మణుడి దగ్గర మెచ్చుకుంటాడు గాని, జవాబు తమ్ముడి చేతనే చెప్పిస్తాడు. వాల్మీకిలో అది రాజమర్యాద. త్యాగరాజు దాన్ని బెట్టుగా చదివాడు. అంత చదువుకున్న ఆంజనేయుడితోనే నేరుగా మాట్లాడనివాడివి, నాతో ఏం మాట్లాడతావు అన్న ధ్వని అందులో ఉంది. భక్తుడి దెప్పిపొడుపు, ఒక కావ్యఘట్టం మీద సూటి వ్యాఖ్య, రెండూ ఆ నాలుగు పాదాల్లో ఇమిడాయి. మనం పరీక్షల కోసం చదివే విమర్శ గ్రంథాల్లో ఇంత క్లుప్తమైన విమర్శ అరుదు. ఆ మధ్యాహ్నం మేము విన్నది చారుకేశి మాధుర్యం మాత్రమే. ఫిర్యాదు మాకు వినబడలేదు.

లిపి చేసే పని

తప్పంతా గాయకులదే అనడం న్యాయం కాదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకే తమిళంలో అచ్చయ్యే కృతుల పుస్తకాల్లో అక్షరం పక్కన ఒకటి నుంచి నాలుగు దాకా చిన్న అంకెలు వేస్తారు. ఆ అంకెను చూసి ఏ ధ్వని పలకాలో తెలుసుకోవాలి. అంకె చెరిగితే 'గానము' 'కానము' అవుతుంది. ఒకటి పాట, రెండోది కనబడదని చెప్పడం. 'దాత' 'తాత' అవుతాడు. ఇంత శ్రమపడి ఆ అంకెల మధ్య నుంచి మన భాషను పలుకుతున్న గాయకులను చూసి నవ్వే హక్కు మనకు లేదు. తమిళనాట పెరిగిన మన విద్యార్థుల్లో ఎందరు తెలుగు పాటను తమిళ అక్షరాల్లోనే రాసుకుంటున్నారో మాకు తెలుసు.

కర్ణాటకలో పెరిగినవారికి ఈ చిక్కు లేదు. కన్నడ లిపి మన అక్షరాలన్నిటినీ మోయగలదు. మహారాష్ట్ర, ఒడిశా విద్యార్థులకు వేరే చిక్కు. దేవనాగరిలో, ఒడియాలో వర్గాక్షరాలన్నీ ఉన్నాయి గాని హ్రస్వ ఎకారానికి, ఒకారానికి విడి గుర్తులు లేవు. 'మెడ', 'మేడ' ఒకేలా కనబడతాయి. 'కొన', 'కోన' కూడా అంతే. ఈ విషయంలో తమిళ లిపే మేలు. పైగా పాటలో తాళం కోసం హ్రస్వాన్ని సాగదీయడం మామూలే కనుక, చెవి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ తేడా ఎన్నటికీ తెలియదు. తెలుగు లిపిలో ఒక్కసారైనా చదివి ఉండాలి. లిపి నేర్చుకోమని మేము పదే పదే చెబితే విసుక్కొనే విద్యార్థులకు ఇంతకంటే మంచి కారణం మేము చూపలేం.

రెండు వాదాలు

ఈ విషయంలో రెండు వాదాలు తరచు వినబడతాయి. సంగీతానికి భాష అక్కరలేదు, నాదమే చాలు అనేది మొదటిది. వాద్య కచేరీ విని కన్నీళ్లు పెట్టుకొనేవారు ఉన్నారు కనుక ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని గాయకులు ఒక కృతిలో ఒక పంక్తిని ఎంచుకొని పావుగంట సేపు నెరవు చేస్తారు. ఆ పంక్తిని ఎందుకు ఎంచుకున్నారు? నాదం ఒక్కటే చాలితే ఏ అక్షరాలైనా సరిపోవాలి కదా. మాటకు విలువ ఉందని ఆ ఎంపికే ఒప్పుకుంటోంది. విలువ ఉందని ఒప్పుకున్నాక దాన్ని సరిగా విడదీసి పలకవలసిన బాధ్యతా వస్తుంది.

తెలుగు రానివారు తెలుగు కృతులు పాడకూడదన్నది రెండో వాదం. ఇది మనవాళ్లలో కొందరు ఆవేశంతో అనే మాట. దీన్ని మేము పూర్తిగా కాదంటాం. త్యాగరాజ కృతులను నిలిపిన మూడు శిష్యపరంపరలు వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం ఊళ్ల పేర్లతో ప్రసిద్ధమైనవి. మూడూ తమిళనాట ఉన్నవే. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్ర సమాజానికి చెందినవారు. తెలుగు మాతృభాష కానివారు తాళపత్రాల్లో, కాగితాల్లో, గొంతుల్లో దాచి ఇవ్వకపోతే ఈ వేళ మనం గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇక్కడే తమిళ ఇసై ఉద్యమాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. 1941లో చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంలో కచేరీల్లో తమిళ పాటలకు తగిన చోటు ఇవ్వాలన్న తీర్మానం చేశారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. రాజాజీ, కల్కి వంటివారు సమర్థించారు. సంగీతానికి భాషాభేదం తేకూడదని అకాడమీ పక్షం వాదించింది. ఆనాటి వాదోపవాదాల్లో తెలుగు పక్షం వహించినవారు తెలుగు మాధుర్యాన్ని పొగిడారు గాని, అర్థం తెలియని శ్రోత అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదని మాకు అనిపిస్తుంది. వింటున్న పాట అర్థం కావాలని కోరడం శ్రోత హక్కు. ఆ కోరిక తెలుగుకు శత్రువు కాదు. ఆ పెద్దాయన అడిగినదీ అదే.

ఎవరి తెలుగు?

మన విద్యార్థులకు ఒక బాధ ఉంది. సెలవులకు హైదరాబాదో విజయవాడో వెళ్తే బంధువులు నవ్వుతారు. "మీది తెలుగేనా? తమిళం మాట్లాడుతున్నట్టుంది" అంటారు. కొందరు పిల్లలు ఆ మాట విన్నాక తెలుగు మాట్లాడటమే మానేస్తారు. వారికి మేము ఒక విషయం గుర్తుచేస్తాం.

త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవించి, 1847లో అక్కడే కన్నుమూశాడు. ఆయన ఇంటిపేరు కాకర్ల. తెలుగునాట నుంచి ఎప్పుడో వలసవచ్చిన కుటుంబం. ఆయన తెలుగు కావేరీ తీరపు తెలుగు. చుట్టూ తమిళం వినబడుతుండగా ఇంట్లో మాట్లాడుకున్న తెలుగు. ఆయన సమకాలికుడు శ్యామశాస్త్రి కృతుల్లో ఎక్కువ భాగం తెలుగే. తంజావూరును ఏలిన నాయక రాజులు, వారి తర్వాత మరాఠా రాజులు తెలుగును ఆస్థాన భాషగా ఆదరించారు. ఆ జిల్లాలోని మెలట్టూరులో ఈనాటికీ తెలుగు భాగవతమేళ నాటకాలు ఆడుతున్నారు. మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) కన్నడనాట కూర్చుని తెలుగులో కృతులు రాశారు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) మైసూరు సీమలో పుట్టినవారు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి ప్రచురించినదీ ఆవిడే.

అంటే సభలో వినబడే తెలుగులో సింహభాగం తెలుగునాడు వెలుపల పుట్టిన తెలుగు. మీలాంటి వారి తెలుగు. 'పంచరత్నాలు' అయిదింటిలో నాట రాగంలోనిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. ఏటా తిరువయ్యారు ఆరాధనలో వందల గొంతులు కలిసి వాటిని పాడుతున్నప్పుడు, వెలుపలి తెలుగు చిన్నబోవలసిన అవసరం ఏమీ కనబడదు. ఇది గర్వపడమని చెప్పడం కాదు. వారసత్వం ఉన్నవాడికి చదువుకోవలసిన పని ఎక్కువ ఉంటుందని చెప్పడం.

ప్రయాణానికి సన్నాహం

ఇక అడిగిన ప్రశ్నకు జవాబు. మొదటిసారి వెళ్లేవారు సాయంత్రపు పెద్ద కచేరీతో మొదలుపెట్టవద్దు. చాలా సభల్లో మధ్యాహ్నపు కచేరీలకు ప్రవేశం ఉచితం. పాడేవారు యువకులు. జనం తక్కువ కనుక వేదికకు దగ్గరగా కూర్చుని పెదవుల కదలిక చూడవచ్చు. మాట పట్టుకోవడానికి అది చాలా సాయం. పేరున్న విద్వాంసుల సాయంత్రపు కచేరీలకు టికెట్టు కావాలి, ముందుగా బయలుదేరాలి. అవి రెండో ఏటికి ఉంచుకోండి.

వెళ్లడానికి నెల ముందు పది కృతులు ఎంచుకోండి. త్యాగరాజువి ఆరు, శ్యామశాస్త్రివి రెండు, పట్నం సుబ్రహ్మణ్యయ్యరుది ఒకటి, క్షేత్రయ్య పదం ఒకటి. తరచు పాడేవే తీసుకోండి. పదింటిలో ఒకటి రెండయినా మీరు వినే కచేరీలో తగలకపోవు. ప్రతి కృతినీ తెలుగు లిపిలో చేత్తో రాసుకోండి. పదాలు విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి రాయండి. కర్త ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏం అడుగుతున్నాడు, బతిమాలుతున్నాడా దెప్పుతున్నాడా అని ఒక్క వాక్యంలో పక్కన రాయండి. తెలియని మాటకు ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. నిఘంటువులో లేనివి కొన్ని వారి నోట ఉంటాయి.

సభలో కూర్చున్నాక రాగం పేరు కోసం తడుముకోకండి. గాయకులు ఎక్కడ ఆగారు, ఆ ఆగిన చోట మాట తెగిందా, నెరవుకు ఏ పంక్తి ఎత్తుకున్నారు, దాని జంట పంక్తిని మళ్లీ తెచ్చారా లేదా అని గమనించి రాసుకోండి. తని ఆవర్తనం మొదలుకాగానే సగం సభ లేచి క్యాంటీనుకు పోవడం చూస్తారు. మీరు పోకండి. మృదంగం వారికి ఇవ్వవలసిన మర్యాద అది. సభ క్యాంటీను కాఫీ తర్వాతైనా దొరుకుతుంది.

చెన్నై వెలుపల ఉన్నవారికి

ఇదంతా చెన్నైవారికే అనుకోవద్దు. బెంగుళూరు విద్యార్థులకు 1905 నాటి గాయన సమాజ ఉంది. వాయులీనం ఆకారంలో కట్టిన చౌడయ్య స్మారక భవనమూ ఉంది. మైసూరు టి. చౌడయ్య జ్ఞాపకార్థం 1980లో వెలసింది. ముంబయిలో షణ్ముఖానంద సభ 1952లో ఏర్పడింది. దాని మందిరం 1990లో అగ్నిప్రమాదానికి గురై 1998లో తిరిగి తెరుచుకుంది. దేశంలోని పెద్ద సభామందిరాల్లో అది ఒకటి. సోలాపూరు నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నకు ముంబయిలో ఉంటారు. బరంపురం వారికి విశాఖపట్నం కళాభారతి రైలుదూరంలో ఉంది. యానాం వారికి కాకినాడ సరస్వతీ గానసభ పక్కనే ఉన్నట్టు లెక్క. ఎక్కడికి వెళ్లినా సన్నాహం ఒకటే. ఆ పది కృతుల నోటుపుస్తకం చేతిలో ఉండాలి.

యునెస్కో 2017లో చెన్నైని సంగీత రంగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఆ గౌరవం ఆ నగరపు గాయకులది, వాద్యకారులది, ఏళ్ల తరబడి కుర్చీలు వదలని రసికులది. అందులో మన భాషకూ వాటా ఉందని చెప్పుకోవచ్చు. ఆ మాట చెప్పుకొనే ముందు మన పక్క కుర్చీలోవారికి ఒక్క మాటకు అర్థం చెప్పగలగాలి. ఈ ఏడు కూడా ఏదో ఒక సభలో, నలిగిన పుస్తకం ఒళ్లో పెట్టుకొని ఒకరు మీ పక్కన కూర్చుంటారు. మీరు తెలుగులో మాట్లాడుకోవడం విని ఏదో ఒకటి అడుగుతారు. మేము ఆనాడు తర్వాతి పాట చాటున దాక్కున్నాం. మీకు ఆ అవసరం రాకూడదు.

ఉత్సవాలు ముగిశాక, జనవరిలో మీ నోటుపుస్తకాలు మాకు తెచ్చి చూపించండి. దూరాన ఉన్నవారు పంపించండి. మీరు విన్న తప్పులు, మీరు నేర్చిన మాటలు, మీకు జవాబు దొరకని ప్రశ్నలు మూడూ అందులో ఉండాలి. ఆ మూడోవాటితోనే మా తరగతి మొదలుపెడతాం.